మధ్యలో వదిలేయకుండా ఆర్‌సీ హెలికాప్టర్ నేర్చుకోవాలంటే ఏది కొనాలి? పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్ల కోసం ఒక పోలిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో రిమోట్ హెలికాప్టర్ మీద మోజుపడే కుర్రాళ్లకి కొదవ లేదు. కుర్రాళ్లను మించిన సరదా ఉన్న నలభై ఏళ్ల వాళ్లూ ఉన్నారు. పక్కన నిలబడి నేర్పించే మనిషి దొరకడమే కష్టం. అందుకని వీడియోలు చూసి కొంటారు. వీడియోలో బాగా కనిపించేది 450 సైజు, అంటే కిలో దాకా బరువుండే పెద్ద మెషిన్ కాబట్టి అదే కొంటారు. మొదటి రోజే పడుతుంది. సామాన్లు ఆర్డర్ పెడతారు, వారం పది రోజులకి వస్తాయి, బిగిస్తారు, మళ్లీ పడుతుంది. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక పెట్టె అటక ఎక్కుతుంది, ఇంట్లోవాళ్లు "చెప్పామా లేదా" అంటారు.

ఇలా మానేసినవాళ్లలో చాలామందికి పట్టుదల తక్కువేమీ కాదు. పడ్డాక మళ్లీ ఎగరడానికి పట్టే కాలమే వాళ్లను ఆపేసింది. చేతికి వచ్చిన కాస్త అలవాటు ఆ ఎదురుచూపులో పోతుంది. అందుకే మెషిన్ ఎంత బాగా ఎగురుతుందన్నది ఈ పోలికలో రెండో ప్రశ్న. పడితే ఎంత త్వరగా మళ్లీ గాల్లోకి లేస్తుందన్నది మొదటిది.

## కొనే ముందు చూడాల్సినవి

పడితే ఏమవుతుంది. ఏ భాగాలు విరుగుతాయి, వాటి ధర ఎంత, ఎన్ని రోజుల్లో చేతికొస్తాయి. హైదరాబాద్‌లో ఉన్నవాడికి రెండు రోజుల్లో వచ్చే బ్లేడ్లు మనకి ఇంకాస్త ఆలస్యంగా వస్తాయి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను చాలా కొరియర్లు విమానంలో వేయవు, అవి రోడ్డు మీదే రావాలి.

చేతికి ఏం నేర్పుతుంది. కొన్ని మెషిన్లు వాటంతట అవే నిలబడతాయి. వాటి మీద ఎన్ని గంటలు గడిపినా అసలు హెలికాప్టర్ చేతికి రాదు.

గాలికి ఆగుతుందా. బరంపురంలో పొద్దెక్కాక మొదలయ్యే సముద్రపు గాలి వేరు, రాయగడలో కొండల మధ్య నుంచి వచ్చే గాలి వేరు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు పొద్దున్నే ఎక్కడైనా గాలి తక్కువ, నేర్చుకోవడానికి అదే సీజన్.

ఎగరేసే చోటు. ఇంట్లోనా, పెరట్లోనా, ఊరి బయటా? నూర్పులు అయిపోయిన కళ్లం చిన్న మెషిన్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కోసిన వరిచేలో అయితే మోళ్లకు తోక తగిలి విరుగుతుంది, ఒక బరకం పరుచుకోవాలి.

డబ్బు సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెట్టె మీది ధరతో అయిపోదు, అంతే.

## అసలు ఎందుకింత కష్టం

హెలికాప్టర్ తనంతట తాను నిలబడదు. అరచేతిలో చీపురుకట్టను నిలబెట్టినట్టు, ప్రతి క్షణం చిన్న చిన్న సర్దుబాట్లు చేస్తూనే ఉండాలి. వదిలేస్తే ఏదో ఒక పక్కకి జారి, ఆ జారడం పెరుగుతూ పోతుంది. పైన రోటర్ ఒక దిక్కుకు తిరుగుతుంటే బాడీ ఎదురు దిక్కుకు తిరగబోతుంది, దాన్ని తోక రోటర్ ఆపుతుంది. పవర్ పెంచితే తోక కూడా సర్దుకోవాలి. ఇప్పుడు ఆ పని గైరో అనే సెన్సర్ చూసుకుంటోంది కాబట్టి పాతరోజుల కంటే నయం. 1970ల మొదట్లో జర్మనీలో డీటర్ ష్లూటర్ తయారుచేసిన హ్యూయ్ కోబ్రా లాంటి తొలి మోడళ్లలో తోకను కూడా బొటనవేలితోనే పట్టుకోవాల్సి వచ్చేది. గైరో ఉన్నా మిగతా మూడు పనులు మాత్రం మన చేతులవే: పైకి కిందికి, ముందుకు వెనక్కి, పక్కలకి.

ఇంకో చిక్కు ఉంది. మెషిన్ ముక్కు మన వైపు తిరిగితే కుడిఎడమలు తారుమారవుతాయి. మానేసేవాళ్లలో సగం మంది ఇక్కడే మానేస్తారని నా అనుమానం.

## ఒక్కొక్కటీ చూద్దాం

### సిమ్యులేటర్

కంప్యూటర్‌లో హెలికాప్టర్, చేతిలో అసలు రిమోట్. రియల్‌ఫ్లైట్, నెక్స్ట్, హెలి-ఎక్స్ లాంటివి ఉన్నాయి. రియల్‌ఫ్లైట్‌కి విండోస్ కావాలి, హెలి-ఎక్స్ లినక్స్ మీద కూడా నడుస్తుంది. పడితే ఒక బటన్ నొక్కితే చాలు, మళ్లీ నిలబడుతుంది. మన మొదటి కొలత ప్రకారం దీనికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. వర్షాకాలమంతా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఉంది.

ఒక షరతు. కీబోర్డుతోనో వీడియో గేమ్ ప్యాడ్‌తోనో ఆడితే లాభం లేదు. థ్రాటిల్ స్టిక్, అంటే పవర్ పెంచి తగ్గించేది, వదిలినచోటే ఆగాలి, మధ్యకి తిరిగి రాకూడదు. ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రిమోట్‌కి ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్ తగిలిస్తే సరిపోతుంది. రేడియోమాస్టర్ రిమోట్లయితే మామూలు యూఎస్‌బీ కేబుల్‌తోనే కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపిస్తాయి. మోడ్ 2 తీసుకోండి, అంటే థ్రాటిల్ ఎడమ చేతిలో ఉండేది. మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే కాబట్టి రేపు ఎవరి సాయమైనా అడగొచ్చు.

లోపం ఒక్కటే, భయం ఉండదు. తెర మీద పల్టీలు కొట్టించినవాడికి బయట మొదటిసారి చేతులు వణుకుతాయి. ఆ టెన్షన్‌కి సిమ్యులేటర్ దగ్గర మందు లేదు.

### రెండు రోటర్ల బొమ్మ, అదే కోయాక్సియల్

ఒకదానిమీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. మెలిక తిరిగే గొడవ ఉండదు, దానంతట అదే నిలబడుతుంది. గదిలో ఎగరేయాలంటే సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, అంత తేలిక. బజారులో దొరికే వాటిలో చాలా భాగం ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో నడిచేవి, ఎండలోకి తీసుకెళ్తే సిగ్నలే అందదు.

ఎనిమిదేళ్ల పిల్లకి కొనిపెట్టండి, సంతోషిస్తుంది. హెలికాప్టర్ నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లకి మాత్రం దండగ అనే చెప్తాను.

### ఒక రోటర్, స్థిరమైన బ్లేడ్లు

డబ్ల్యూఎల్‌టాయ్స్ వి911 తరహావి. అరచేతి కంటే కాస్త పెద్దవి. బ్లేడ్ల కోణం మారదు, రోటర్ వేగం పెంచితే లేస్తాయి, తగ్గిస్తే దిగుతాయి. ఒకే సెల్ బ్యాటరీ, ఒక ఛార్జింగ్‌కి ఐదారు నిమిషాలు. తేలిక కాబట్టి నేల మీద పడ్డా చాలాసార్లు ఏమీ కాదు. విరిగితే బ్లేడో, తోక గొట్టమో విరుగుతుంది, రెండూ చవకే.

ముందుకు వెనక్కి, పక్కలకి, ముక్కు తిప్పడం, ఇవి నిజంగా నేర్పుతుంది. గాలిలో మాత్రం బేజారు. గాలి పైకి లేపితే కిందికి నొక్కే శక్తి దానికి లేదు. కోరాపుట్ వైపు వాళ్లకి ఇంకో సంగతి: ఆ పీఠభూమి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం కంటే దాదాపు 8 శాతం తక్కువ. ఇలాంటి చిన్న మోటార్లకి ఆ తేడా తెలుస్తుంది. లేవడానికి కాస్త ఎక్కువ థ్రాటిల్ కావాలి, బ్యాటరీ ముందే అయిపోతుంది. మెషిన్ చెడిపోయిందని కంగారు పడొద్దు.

### చిన్న సైజులోనే కలెక్టివ్ పిచ్

ఎక్స్‌కే కె110, ఓఎంపీహాబీ ఎం1, ఎం2 లాంటివి. వీటిలో రోటర్ వేగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది, బ్లేడ్ల కోణం మారి పైకి కిందికి వెళ్తుంది. స్టిక్ కదిపిన మరుక్షణం స్పందిస్తుంది, గాలికి ఎదురు నిలుస్తుంది, చేతనైతే తలకిందులుగా కూడా ఎగురుతుంది. పెద్ద మెషిన్‌లో ఉన్నదంతా ఇందులో చిన్నగా ఉంటుంది. కె110లో ఒక స్విచ్ ఉంది: ఒక వైపు పెడితే స్టిక్ వదలగానే తానే సమంగా నిలుస్తుంది, ఇంకో వైపు పెడితే అంతా మన చేతుల్లోనే.

పడితే? గడ్డిలో అయితే తరచుగా ఏమీ కాదు. గట్టి నేల మీద అయితే తోక, బ్లేడ్లు, ఫెదరింగ్ షాఫ్ట్ (రెండు బ్లేడ్లను కలిపే సన్నని కడ్డీ). వరండాలో కూర్చుని చిన్న స్క్రూడ్రైవర్‌తో గంటలో బాగుచేసుకోవచ్చు, సామాను ముందే ఉంటే. ఓఎంపీ మెషిన్లు ఇంకాస్త బాగా ఎగురుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. మొదటిదానిగా నేనైతే కె110 తరహాదే చెప్తాను.

### 450 సైజు

తైవాన్ కంపెనీ అలైన్ వాళ్ల టి-రెక్స్ 450 పుణ్యమా అని ఈ సైజుకి పేరొచ్చింది. 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు, ఎగిరే బరువు సుమారు 800 గ్రాముల నుంచి కిలో వరకు. చూడముచ్చటగా ఉంటుంది, యాభై మీటర్ల దూరంలో కూడా ముక్కు ఎటుందో కంటికి తెలుస్తుంది. గాలిని పెద్దగా లెక్కచేయదు.

ఒక్క క్రాష్‌లో పోయే సామాను జాబితా రాస్తే తెలుస్తుంది: మెయిన్ బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ గేర్, తోక గొట్టం, ఒకటో రెండో సర్వోల (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్ల) గేర్లు. అన్నీ బిగించాక స్వాష్‌ప్లేట్ (స్టిక్ కదలికను బ్లేడ్లకు చేర్చే పళ్లెం) లెవెల్ చేయాలి, పిచ్, అంటే బ్లేడ్ల కోణం, కొలవాలి, రెండు బ్లేడ్లు ఒకే ఎత్తులో తిరుగుతున్నాయో లేదో చూడాలి. నేర్పేవాళ్లు పక్కన లేని ఊళ్లో ఈ సెటప్ పనే ఇంకో చదువు.

ప్రమాదం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ సైజులో రోటర్ నిమిషానికి రెండు వేల చుట్ల పైనే తిరుగుతుంది. 2013 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పార్కులో పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన ఆర్‌సీ హెలికాప్టరే తగిలి చనిపోయాడు. అతను కొత్తవాడు కాదు, చేయి తిరిగినవాడు. అతని మెషిన్ 450 కంటే పెద్దది, కానీ 450 బ్లేడు కూడా వేలు తెంపగలదు. మన ఊళ్లలో హెలికాప్టర్ చప్పుడు వినబడితే పిల్లలంతా మూగుతారు. వాళ్లను దూరంగా నిలబెట్టే మనిషి ఒకరు తోడు లేకపోతే ఎగరేయొద్దు.

### జీపీఎస్ సాయం ఉన్నవి

ఫ్లైవింగ్ ఎఫ్‌డబ్ల్యూ450 లాంటివి. బయటికి 450లా ఉంటాయి, లోపల డ్రోన్ బుర్ర. స్టిక్ వదిలితే ఉన్నచోటే ఆగుతాయి. మొదటి రోజే ఎగురుతాయి, అందంగా కూడా ఉంటాయి. నేర్చుకోవడం కాదు, ఎగరడమే కావాలంటే ఇదే సరైనది, అందులో తప్పేమీ లేదు. జీపీఎస్ తప్పిన రోజున మాత్రం చేతికి ఏమీ రాదని గుర్తుంచుకుని, అప్పుడప్పుడూ ఆ మోడ్ ఆపేసి సాధన చేయాలి.

## ఒక చూపులో

| | పడ్డాక మళ్లీ ఎగరడానికి | చేతికి నేర్పేది | గాలిలో | ఖర్చు |
|---|---|---|---|---|
| సిమ్యులేటర్ | ఒక బటన్ | చాలా ఎక్కువ, భయం తప్ప | వర్తించదు | తక్కువ, రిమోట్ తర్వాత కూడా పనికొస్తుంది |
| కోయాక్సియల్ | వెంటనే | దాదాపు ఏమీ లేదు | గదిలోనే | చాలా తక్కువ |
| స్థిర బ్లేడ్ల చిన్నది | నిమిషాల్లో | సగం | తెల్లవారుజామున మాత్రమే | తక్కువ |
| చిన్న కలెక్టివ్ పిచ్ | గంట, సామాను ఉంటే | దాదాపు అంతా | కొంతవరకు ఆగుతుంది | మధ్యస్థం |
| 450 సైజు | రోజులు, వారాలు | అంతా, సెటప్‌తో సహా | బాగా ఆగుతుంది | ఎక్కువ, ప్రతి క్రాష్‌కీ మళ్లీ |
| జీపీఎస్ 450 | రోజులు, కానీ తక్కువగా పడుతుంది | తక్కువ | బాగా ఆగుతుంది | చాలా ఎక్కువ |

## మీరెవరైతే ఏది

గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నవాళ్లకి సిమ్యులేటర్ ముందు, దాని తర్వాత కె110. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే మోడల్ కొంటే సామాను పంచుకోవచ్చు, ఒకరిది పడితే ఇంకొకరిది ఉంటుంది. మానేయకుండా ఉండటానికి ఈ ముగ్గురి జట్టు ఏ గైరో కంటే ఎక్కువ పనిచేస్తుంది. డబ్బులన్నీ వేసుకుని ఒకే 450 కొనే ఆలోచన కూడా వస్తుంది. అది మొదట పడగొట్టినవాడి దగ్గర స్నేహం చెడుతుంది.

పొద్దున్న షాపు తీసే ముందు అరగంట దొరికే రాయగడ వ్యాపారికి స్థిర బ్లేడ్ల చిన్నదీ, నాలుగైదు బ్యాటరీలూ చాలు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు, లైపోని ఎవరూ చూడకుండా ఛార్జ్ చేయకూడదు. సాయంత్రం షాపులో కళ్లెదురుగా ఛార్జ్ అవనివ్వండి.

బరంపురం, ఛత్రపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు స్థిర బ్లేడ్లది వదిలేసి నేరుగా చిన్న కలెక్టివ్ పిచ్‌కి వెళ్లడం మేలు. లేకపోతే పొద్దున్న తొమ్మిది దాటితే మెషిన్ పెట్టెలోనే ఉంటుంది.

పిల్లాడు అడుగుతున్నాడని కొనే తండ్రికి: వాడు పన్నెండేళ్లు దాటినవాడైతే సిమ్యులేటర్ ఇచ్చి ఒక నెల చూడండి. రోజూ తానే వెళ్లి కూర్చుంటే తర్వాతి మెట్టు. "నాన్నా, ఇంకోసారి" అని ఒక్కసారీ అనకపోతే డబ్బు మిగిలింది.

450 ఎవరికి? చిన్నదాన్ని ముక్కు తన వైపు తిప్పుకుని స్థిరంగా నిలబెట్టగలిగినవాళ్లకి. అంతకు ముందు వద్దు.

## కొన్నాక ఆగకుండా సాగడానికి

మెషిన్‌తో పాటే సామాను కొనండి. బ్లేడ్లు రెండు మూడు జతలు, తోక ఒకటి, ఫెదరింగ్ షాఫ్ట్ ఒకటి, బ్యాటరీలు నాలుగు. విరిగాక ఆర్డర్ పెట్టడమే మొదట చెప్పిన అటక దారి.

సాధన వరుస ఇలా ఉంటే మంచిది. మొదట తోక మన వైపు పెట్టుకుని హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలపడం. మరీ నేలను రాసుకుంటూ వద్దు, రోటర్ కిందకి తోసే గాలి నేల మీద తిరిగి మెషిన్‌ని కుదురుగా ఉండనివ్వదు. మోకాలెత్తుకి పైన కుదురుగా ఉంటుంది. తర్వాత కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకి తిప్పి నిలబెట్టడం. తర్వాత పూర్తిగా పక్కకి. ఆ తర్వాతే ముక్కు మన వైపు. ఈ చివరిదానికి ఒక కిటుకు ఉంది: ముక్కు మన వైపు ఉన్నప్పుడు మెషిన్ ఏ పక్కకి వాలుతోందో స్టిక్‌ని ఆ పక్కకే తోయాలి. కుడి ఎడమ అని లెక్కపెట్టుకుంటే ఆలోపే పడిపోతుంది. ఇది సిమ్యులేటర్‌లో చేతికి ఎక్కాకే బయట చేయండి.

చేయి అలిసిన రోజు చివరి బ్యాటరీ వాడొద్దు. పడేది ఎక్కువగా ఆ బ్యాటరీలోనే. ఒక మెట్టు దగ్గర రోజుల తరబడి ఆగిపోతే వెనకటి మెట్టుకి వెళ్లి, అది విసుగు పుట్టేంత తేలిక అయ్యేదాకా చేయండి. గాలి ఉన్న రోజు బయటికి వెళ్లకుండా సిమ్యులేటర్‌లో కూర్చోవడం మానేసినట్టు కాదు, అదీ సాధనే.

## ఎక్కడ ఎగరేయకూడదు

2021 డ్రోన్ నియమాలు రిమోట్ హెలికాప్టర్లకూ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు మెషిన్ నానో కిందకి వస్తుంది, వి911, కె110 లాంటివి ఇందులోనే. 450 సైజు మైక్రో. వ్యాపారం కోసం కాకుండా నానో, మైక్రో ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. చోటు మాత్రం ఏ సైజుకైనా డిజిటల్ స్కై (కేంద్రం వారి డ్రోన్ల వెబ్‌సైట్) మ్యాప్‌లో చూసుకోవాలి: గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా అసలు కుదరదు. మన జిల్లాల్లో సునాబెడ హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ, గోపాల్‌పూర్ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, జయపురం విమానాశ్రయం చుట్టుపక్కల మ్యాప్ చూడకుండా పెట్టె కూడా తెరవద్దు. రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి లోపలి ప్రాంతాల్లో భద్రతా బలగాల క్యాంపుల దగ్గర ఎంత చిన్నదైనా గాల్లో ఎగిరే వస్తువు చూస్తే అడుగుతారు, అడగడం వాళ్ల పని. ఊరి పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పి ఉంచితే మనశ్శాంతి.

## విదేశం నుంచి తెప్పించడం, సెకండ్ హ్యాండ్

2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. మొత్తం మెషిన్ బయటి దేశపు వెబ్‌సైట్‌లో చవగ్గా కనిపించినా కస్టమ్స్ దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది. మన దేశంలో స్టాకు ఉన్న దుకాణం దగ్గరే కొనండి. ఆ దుకాణం సామాను కూడా అమ్ముతుందా అన్నది మెషిన్ ధర కంటే ముందు అడగండి.

విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఎవరో అటక మీది 450ని అమ్మకానికి పెడతారు. ధర చూస్తే ఆశ పుడుతుంది. వెళ్తే నాలుగు చూడండి. ఫెదరింగ్ షాఫ్ట్ బయటికి తీసి అద్దం మీద దొర్లిస్తే వంకర ఉంటే తెలుస్తుంది. బేరింగులు చేత్తో తిప్పితే గరగరలాడకూడదు. ఆ మోడల్‌కి మెయిన్ గేర్, షాఫ్ట్ ఇప్పటికీ దొరుకుతున్నాయో ఫోన్‌లో అక్కడే వెతకండి. బ్యాటరీల లెక్క ధరలోంచి తీసేయమని అడగండి, ఏళ్ల తరబడి పడున్న లైపోలు ఉబ్బి ఉంటాయి, వాటిని ఊరికే ఇచ్చినా బస్సులో ఇంటికి తేవద్దు.